పొడుగు ఒక్కటే అడిగారు

నా కుడికాలి చిటికెన వేలు పక్కన ఒక పుండు ఉండేది. కందిగింజంత. అది మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నేను చెప్పబోయేదంతా ఆ కందిగింజ చుట్టూ తిరిగేదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. పుండు మాట చదవలేని వాళ్లు ఈ నాలుగు పేజీలు దాటేసి ముందుకు పోవచ్చు.

మా అక్కకు కూడా వేలితోనే మొదలైంది. నాలాగే షుగరు మనిషి. ముందు వేలు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి కింద దాకా తీశారు. ప్రతిసారీ ఇదే ఆఖరన్నారు. వీధి చివర కుళాయి దగ్గరికి బిందె తీసుకుని అందరికంటే ముందు పోయే మనిషి, చివరి రెండేళ్లు గోడ వైపు తిరిగి పడుకుంది. అందుకే డాక్టరమ్మ వేలు అన్నప్పుడు నాకు వేలు కనిపించలేదు, అక్క పడుకున్న గోడ కనిపించింది.

"ఈ రబ్బరు చెప్పులు మానేయమ్మా. ముందు భాగం వెడల్పుగా, లోపల మెత్తగా ఉండే బూట్లు వేసుకో. రాపిడి తగ్గితే పుండు అదే మానుతుంది" అంది డాక్టరమ్మ.

బూట్లు. నేను ముప్పై ఏళ్లు తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు ఊడ్చాను. గది బయట విడిచిన చెప్పుల్ని చూసి లోపల ఎవరున్నారో, ఎంతమందో, ఎంత దూరం నుంచి వచ్చారో చెప్పగలిగేదాన్ని. కొండకు నడిచి పోయి వచ్చినవాళ్ల పాదాలు పొక్కులెక్కి ఉంటే వేడినీళ్లు తెచ్చి ఇచ్చేదాన్ని. ఇన్ని వేల జతలు చూసిన నేను ఒక్కసారి కూడా బూటులో కాలు పెట్టలేదు. చీర కట్టుకున్న ముసలిది బూట్లు వేసుకుని వీధిలో నడిస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. లాడ్జిలో అట్లాంటి వాళ్లను చూసి నేనూ, తోటి పనివాళ్లూ వెనక నవ్వుకున్నవాళ్లమే.

అంగడికి పోవడానికి మనసు ఒప్పలేదు. పదిమంది ముందు కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు చాపి, ఎవరో ముక్కుపచ్చలారని వాడి చేత బూటు తొడిగించుకోవాలి. మా కోడలు ఒకటే మాట అంది.

"అత్తా, అంగడికి పోయే పనే లేదు. ఫోన్లో తెప్పిస్తా. నీ కాలు పొడుగు చెప్తే సాలు."

మా కోడలికి బూట్ల సంగతి తెలియదని కాదు. శ్రీసిటీ పక్కన ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా బూట్లు కుడుతుంది. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతుంది. బూటు పైభాగం ఉంటుందే, పాదాన్ని కప్పేది, అందులో ఒక పక్క కుట్టు ఆమెది. రోజంతా అదే కుట్టు. ఆ బూట్లు ఓడ ఎక్కి ఏ దేశానికో పోతాయి. మన అంగళ్లలోకి రావు.

కాలు పొడుగు అనగానే నేను వెళ్లి చీపురు పుల్ల ఒకటి తెచ్చాను. మంచం మీద కూర్చుని, పాదం కింద పెట్టి, బొటనవేలి చివర దగ్గర తుంచి ఇచ్చాను. కోడలు నవ్వింది.

"ఏందత్తా ఇది. టేపు ఉండాది కదా ఇంట్లో."

"నాకు టేపు మీద నమ్మకం లేదు మే. పుల్ల అబద్ధం చెప్పదు."

ఆమె ఆ పుల్లను టేపు మీద పెట్టి కొలిచి, ఫోన్లో ఏదో అంకె కొట్టింది. ఫోను ఇంకేమీ అడగలేదు. ఏ ఊరు, ఏ వీధి, ఏ ఇల్లు అని మాత్రం మూడుసార్లు అడిగింది.

పుల్ల అబద్ధం చెప్పదని ఎందుకన్నానో నాకే తెలియదు. నా చిన్నప్పుడు అదే పుల్ల అబద్ధం చెప్పింది. మా నాయన చిత్తూరుకు బెల్లం బండితో పోయేటప్పుడు నా పాదం కింద చీపురు పుల్ల పెట్టి తుంచుకుని, పంచె కొంగున ముడి వేసుకుని పోయాడు. నాకు తొలి చెప్పులు. సాయంత్రం ఆ పుల్ల, చెప్పులు రెండూ పట్టుకొచ్చాడు. పుల్ల పెట్టి చూపించాడు, సరిగ్గా సరిపోయింది. కాలు పెడితే రెండు పక్కలా కొరికాయి. నాయన మొహం చూసి "సరిపోయినాయి నాయనా" అన్నాను. వేళ్లు ముడుచుకుని ఏడాది నడిచాను. నా చిటికెన వేలు ఈ రోజుకీ పక్క వేలు మీదికి ఎక్కి ఉంటుంది. చెప్పు దానికే తగులుతుంది, పుండు దానికే వస్తుంది. ఇది అప్పుడే గుర్తు రావాల్సింది. రాలేదు.

మూడు రోజుల్లో వస్తుందన్నారు. ఆ మూడు రోజుల్లో వచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, ఎందుకంటే పెరటాసి, కొండ మీది దేవుని నెల, పుట్టడానికి ఇంకా అయిదు రోజులుంది. అది రాలేదు. ఫోన్లో చూస్తే ఒకరోజు చెన్నై అంది, ఒకరోజు నాయుడుపేట అంది, మళ్లీ చెన్నై అంది. నాయుడుపేట దాకా వచ్చిన పెట్టె వెనక్కి ఎందుకు పోయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

చివరికి అది పెరటాసి మొదటి శనివారం పొద్దున వచ్చింది.

మా వైపు పెరటాసి శనివారాలంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇల్లు కడిగి, నామం పెట్టుకుని, ఒక్కపొద్దు ఉంటాం. నామాలు పెట్టుకున్న వాళ్లు చెంబు పట్టుకుని గోవిందా అంటూ ఇంటింటికీ వస్తే బియ్యం వేస్తాం. మా ఇంట్లో ఇంకొక నియమం ఉంది, మా అత్త పెట్టింది. ఆ నెలంతా కొత్త చెప్పు గడప తొక్కకూడదు, కొత్త చెప్పులో కాలు పెట్టకూడదు. పాతవి వేసుకోవచ్చు. మా అత్త పోయి ఇరవై ఏళ్లయినా నేను తప్పలేదు.

ఆ పొద్దున వాకిట్లో చెంబు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. నేను చేటలో బియ్యం పట్టుకుని ఉన్నాను. వాళ్ల వెనకే మోటారు సైకిలు ఆపి ఒకతను పెట్టె చేతికి ఇవ్వబోయాడు.

"అవ్వా, ఓటీపీ చెప్పు."

"ఏంది ఇది?"

"నాకేం తెలుసవ్వా. షూ అని రాసుండాది."

గోవిందా అంటున్న వాళ్లలో ఒకామె పక్కకు జరిగింది. నాకు తల తీసేసినట్టయింది.

"ఆడ పెట్టు. మెట్ల కింద. లోపలికి తేవద్దు."

"యాడన్నా పెడతా, నంబరు చెప్పు ముందు. ఇంకా ముప్పై ఇండ్లు తిరగాల నేను."

కోడలు ఆర్డరులో నా నంబరే ఇచ్చింది కాబట్టి, నా ఫోన్లో వచ్చిన అంకెలు నేనే చదివి చెప్పాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభైకి దగ్గర పడ్డాక. లాడ్జి పని అయ్యాక వార్డు బడిలో సాయంత్రం కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచీ పేపరు, బస్సు బోర్డు, మందు పెట్టె, ఏదీ వదలను. ఆ పెట్టె మీద అతికించిన కాగితంలో కూడా ఉన్న తెలుగంతా నిలబడి చదివాను. దాని లోపల ఇంకొక కాగితం ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కోడలు మెట్ల కింద పెట్టె చూసింది.

"తెరిచి సూస్తివా అత్తా?"

"పెరటాసి పోనీ."

"అత్తా, ఒగసారి ఏసి సూసి మళ్లా పెట్టేద్దాం. సరిపోకుంటే ఎనక్కి పంపడానికి వారం దినాలే టైము."

"దేవుని నెల కంటే వాళ్ల వారం పెద్దదా?"

"అది కాదత్తా. కాలు నీది కదా."

"నా కాలు సంగతి నాకు తెలుసు. నువ్వు పో, స్నానం చేసి దీపం పెట్టు."

ఆమె పోయింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా కోడలు ఒకసారి చెప్పి ఊరుకునే రకం. ఆ రోజు ఇంకో రెండుసార్లు చెప్పి ఉంటే బాగుండేదని నెల తర్వాత నేనే ఆమెను తిట్టాను. అది నా న్యాయం.

పెరటాసి నాలుగు శనివారాలూ పాత రబ్బరు చెప్పులతో గడిచాయి. పట్టీ మళ్లీ అదే చోట రాసుకుంది. నెల పోయాక ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ కట్టు విప్పి, లైటు దగ్గరికి లాక్కుని చూసింది. కందిగింజ శనగగింజ అయింది.

"బూట్లు తీసుకోలేదా?"

"తీసుకున్నా. మెట్ల కింద ఉండాయి."

"మెట్లకు పుండు లేదు కదమ్మా" అంది. పక్కనున్న నర్సు నవ్వు ఆపుకుంది. తర్వాత డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. "ఇంకొక నెల చూస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే వేలు తీసేద్దాం. ఆలస్యం చేస్తే పాదం దాకా పోతుంది."

ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా పెట్టె తెరిచాను. బూడిద రంగు బూట్లు. చూడటానికి బాగానే ఉన్నాయి, ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. పొడుగు పుల్లకు సరిగ్గా ఉంది. కాలు పెట్టాను. పాదం సగం దాకా పోయి ఆగింది. బలవంతంగా తోస్తే చిటికెన వేలు గోడకు నొక్కినట్టు నొక్కుకుంది. నొప్పి తెలియలేదు, షుగరు కాలికి నొప్పి తెలియదు. తీసి చూస్తే కట్టు మీద ఎర్రటి మరక ఉంది.

బూటు లోపల మడిచిన కాగితం ఒకటి ఉంది. తెలుగులో కూడా రాసి ఉంది. 'వస్తువు అందిన ఏడు దినములలోపు మాత్రమే తిరిగి స్వీకరించబడును.' అక్షరాలు వచ్చని ఊరంతా చెప్పుకున్న నేను, చదవాల్సిన ఒక్క కాగితాన్ని పెట్టెలో మూసి నెలరోజులు దాని మీద చీపురు పెట్టాను.

అయినా ఊరుకోలేదు. కోడలి చేత ఫోను చేయించాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. నొక్కాం. ఏదో సంగీతం వచ్చింది. హిందీలో ఒకతను మాట్లాడాడు, అతను ఇంకొకరికి ఇచ్చాడు, ఆమె తెలుగు. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము మేడం."

"చింతించొద్దు తల్లీ. వెడల్పుది ఒగటి పంపించు."

"రిటర్న్ గడువు ముగిసింది మేడం."

"మీరు నాలుగు దినాలు లేటుగా పంపిస్తిరే, దానికి గడువు లేదా?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము మేడం."

ఆ పిల్ల తప్పేమీ లేదు. ఎవరో రాసిచ్చింది చదువుతోంది. కానీ ఆమె చదువుతుంటే నాకు వచ్చిన కోపం, దాదాపు యాభై ఏళ్లు అక్షరాలు రాకుండా బతికినప్పుడు కూడా రాలేదు.

ఇక అంగడే దిక్కు. సిగ్గు పెట్టెలో పెట్టి మర్నాడు గాంధీ రోడ్డులో ఒక చెప్పుల అంగడికి పోయాను. నేను లాడ్జిలో పనిచేసే రోజుల్లో అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు. వాలుగా ఉండే చిన్న పీట మీద మన కాలు పెట్టించి, ఇత్తడి కొలత పలక మీద ముందుకొక కడ్డీ, పక్కకొక కడ్డీ జరిపి పొడుగూ వెడల్పూ చూసేవాడు. నేను అక్కడ కొనింది లేదు, వాకిట్లో నిలబడి చూసేదాన్ని. ఇప్పుడు ఆయన కొడుకు ఉన్నాడు. పీట లేదు. పలక గురించి అడిగితే గోడ మీది అలమరా వైపు చూపించాడు, అక్కడ అలంకారానికి పెట్టి ఉంది.

నా కట్టు చూసి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు.

"ఇది కాలికి తొడుక్కోమ్మా. మళ్లా వేరేవాళ్లు ఏసుకునేవి కదా."

ఆయన అన్నది న్యాయమే. తొడుక్కున్నాను. కవరు లోపల చెమట పట్టి పాదం జారుతోంది. అది బూటు వెడల్పా, కవరు జారుడా, నాకు తెలిసే దారి లేదు. నాలుగు జతలు చూశాను. అన్నీ పక్కన నొక్కాయి. అయిదోది తీయబోయి ఆయన ఆగాడు. కవరు లోపల మరక కనిపించింది. బూటును మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నాడు.

"వెడల్పువి మేం తెప్పించడం మానేసినామమ్మా. ఎవురూ అడగరు. ఆన్‌లైన్లో సూసుకోండి."

"ఆడ సూసే ఈడికి వచ్చినా అప్పా."

"అందరూ ఈడ సూసి ఆడికి పోతారు" అన్నాడు. ఇక ఆగలేదు. "ఈడ ఏసీలో కూసోని పది జతలు ఏసి సూస్తారు, సైజు నంబరు ఫోటో తీసుకుంటారు, నా అంగట్లోనే నిలబడి ఫోన్లో ఆర్డరు పెడతారు. వెడల్పువి తెచ్చి నేను ఎవురికి అమ్మేది చెప్పు."

కాలికున్న కవరు తీసి మడిచాను. ఆయన కోపం ఆయనది, నా వేలు నాది. ఒకరికొకరం పనికిరాలేదు. అలమరాలో ఆ ఇత్తడి పలక ఒకసారి దించి నా కాలు కొలవమందామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. కొలిచి మాత్రం ఏం చేస్తాడు, ఆ కొలతకు బూటు లేనప్పుడు.

ఆటోలో ఇంటికి వస్తూ డాక్టరమ్మ ఇచ్చిన నెలలో ఎన్ని రోజులు పోయాయో లెక్కపెట్టుకున్నాను. ఆ ఆదివారం కోడలికి సెలవు. ఆమె కూర తరుగుతుంటే అంగడి సంగతంతా చెప్పాను, చెప్పే కొద్దీ గొంతు పెరిగింది. ఆమె కత్తిపీట పక్కకు జరిపి లేచి, బూడిద రంగు బూటు తెచ్చి లోపలికి చెయ్యి పెట్టి వేళ్లతో తడిమింది. నేను మందు పెట్టె చదివినట్టు ఆమె దాన్ని చదువుతోంది.

"ఇది సన్న అచ్చు మీద, అదే కాలు మాదిరి ఉండే దిమ్మె మీద, చేసింది అత్తా. మా కాడ ఒగే నంబరులో సన్నది, వెడల్పుది రెండు అచ్చులు ఉంటాయి. డబ్బా మీద చిన్న అక్షరం వేస్తారు. ఫోన్లో అది చూపించలే."

"మరి నువ్వు అడగలేదే?"

"నువ్వు పుల్ల ఇస్తివి" అంది.

నేను కట్టు ఉన్న కాలు చీర కిందికి లాక్కున్నాను.

"కూసోని కొలిస్తివి కదా. కూసున్నప్పుడు కాలు ఇంత పరుచుకోదు. లేచి నిలబడు."

నిలబడ్డాను. ఒక పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి నా కాలి కింద పెట్టింది. కట్టుతో సహా పాదం చుట్టూ పెన్సిలు తిప్పింది. ఆ గీత మీద బూటు పెట్టి చూపించింది. పొడుగులో రెండూ సమానం. పక్కన నా కాలు బూటును దాటి రెండు వేళ్ల మందం బయటికి ఉంది. అన్ని రోజులూ ఫోన్లో, పెట్టెలో, అంగట్లో వెతికిన సంగతి ఆ కాగితం మీద కనిపించింది.

తర్వాత ఆమె సుద్దముక్కతో బూటు పక్కన ఒక గుర్తు పెట్టి, బ్లేడు తీసింది.

"ఏం జేస్తాండావు మే? కొత్తవి."

"ఎనక్కి తీసుకోరు కదా అత్తా. ఇంక ఇవి ఎవురివి? మనవే."

ఒక్క గీటులో కోసింది. ఆ కోత మీద నా పాత చలికోటు లోపలి మెత్తటి గుడ్డ రెండు పొరలుగా వేసి, ఫ్యాక్టరీ సూదితో, మైనం రాసిన దారంతో కుట్టింది. లోపలి వైపు కుట్టు తగలకుండా అంచు బయటికి మడిచింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె చెయ్యి అంత వేగంగా కదలడం ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆమె గుండీ కుట్టడమే నాకు తెలుసు.

"ఆరేండ్లుగా కుడతాండా" అంది తల ఎత్తకుండా. "ఎవురి కాళ్లకో. ఒగ కాలన్నా కండ్లతో సూడలే. ఇదే మొదటిది."

"నా కాలు చూసి భయపడ్నావా?"

"భయమెందుకు. నీ సిటికెనేలే రవ్వంత వంకర. దానికి జాగా ఇస్తే సాలు."

ఎడమ బూటుకూ అదే చేసింది. ఒకటి వదులై ఇంకొకటి నొక్కితే నడక కుంటుతుందట. మధ్యాహ్నానికి కూర అట్లాగే ఉంది, బూట్లు అయ్యాయి. రెండు పక్కలా నీలం గుడ్డ అతుకులు. వేసుకుని వాకిలి నుంచి వీధి చివరి కుళాయి దాకా పోయి వచ్చాను. వీధిలో ఇద్దరు ముగ్గురు చూశారు. ఒకామె "ఏందక్కా, పరుగు పందేనికి పోతాండావా" అంది. "అవును, నువ్వూ రా" అన్నాను.

రెండు వారాల తర్వాత ఫోన్లో ఆ కంపెనీ వాళ్లు అడిగారు, మీరు కొన్న వస్తువు ఎట్లా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి, నాలుగు మాటలు రాయండి అని. నక్షత్రం ఒకటి నొక్కాను. నాలుగు మాటలు రాయడానికి గంట పట్టింది, ఫోన్లో తెలుగు వత్తులు వెతుక్కోవాలి కదా. 'పొడుగు ఒక్కటే అడిగారు. వెడల్పు అడగలేదు. లేటుగా తెచ్చారు. వెనక్కి తీసుకోలేదు. మా కోడలు కోసి కుట్టింది, ఇప్పుడు బాగుంది.' పంపించాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని క్షణంలో వచ్చింది. చదవకుండానే పంపారని తెలిసిపోయింది.

నెల నిండిన రోజు ఆసుపత్రికి బూట్లతోనే పోయాను. డాక్టరమ్మ ముందు బూటు చేతిలోకి తీసుకుని అతుకు లోపల వేలు పెట్టి చూసింది.

"ఎక్కడ చేయించావు?"

"మా ఇంట్లోనే."

తర్వాత కట్టు విప్పింది. పుండు ఎండింది. చుట్టూ చర్మం గులాబీ రంగులో దగ్గరపడింది. మధ్యలో ఆవగింజంత మిగిలింది. వేలిని సూది మొనతో గుచ్చుతూ, తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు, తెలియలేదన్నాను. ఆ సంగతి ఇంక మారదట. కానీ వేలు ఉంటుందట, ఇట్లాగే చూసుకుంటే.

నర్సు నా పుస్తకంలో తెలుగులో రాసింది. 'బూట్లు మానరాదు. రెండు నెలల తర్వాత రావలెను.' బయట బెంచీ మీద కూర్చుని ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివాను. తీసేయడం అన్న మాట ఎక్కడా లేదు.

మానరాదంటే వచ్చే పెరటాసిలో కూడా మానకూడదు. దాని గురించి ఆలోచించాను. అప్పటికి ఇవి పాతవైపోతాయి. మా అత్త పెట్టిన నియమం కొత్తవాటికే.